బడిబండి కావాలని ఎవరూ అడగలేదట

రోజు 1

విచారణ జరిపేవాళ్లు నివేదికతో పాటు రోజువారీ పుస్తకం కూడా రాయాలని మా కుంకుమపాడు ప్రజా విద్యా సంస్థ నియమం. ఎవరిని కలిశాం, ఏం చూశాం, ఏమనుకున్నాం, అన్నీ అందులో ఉండాలట. సరే, రాస్తాను. నా పేరు తాయారు. వయసు నలభై ఆరు. అంగారకుడి ఏడాది మరీ పొడుగు కాబట్టి వయసులూ జీతాలూ ఇక్కడ భూమి లెక్కలోనే. పన్నెండేళ్లు గుమ్మటంలోని బడుల్లో పాఠాలు చెప్పాను. ఆ తర్వాత పదేళ్లుగా ఇదే సంస్థలో రికార్డులు చూస్తున్నాను.

పొద్దున గాలిగొట్టం జాలీకి పట్టిన ఎర్ర దుమ్ము దులుపుతుంటే పురసభ కార్యదర్శి నుంచి పిలుపు వచ్చింది. ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పకుండానే మాట్లాడాను.

సంగతి ఊరందరికీ తెలిసిందే. క్యాంటీన్ గోడ మీద నెల రోజులుగా రెండు పోస్టర్లు పక్కపక్కనే వేలాడుతున్నాయి. ఒకటి ఆడ టీచర్ల సంఘానిది: 'విద్యా సంస్థలో మగవాళ్లకు వంద వస్తే ఆడవాళ్లకు డెబ్బై ఎనిమిది.' రెండోది సంస్థది: 'డెబ్బై ఎనిమిది కాదు, తొంభై తొమ్మిది.' జనం సాంబారు గిన్నెలు పట్టుకుని వాటి కిందే నిలబడి పోట్లాడుకుంటున్నారు. ఏది నిజమో తేల్చాలి. సంఘం మాట అబద్ధమైతే దాని గుర్తింపు రద్దు. సంస్థ మాట అబద్ధమైతే డైరెక్టర్ భానోజీరావు గారి ఉద్యోగం పోతుంది. ముప్పయ్యో రోజున బహిరంగ సభ.

"నన్నే ఎందుకండీ?" అని అడిగాను.

"రెండు పక్షాలూ ఒప్పుకున్న పేరు మీదొక్కటే," అన్నాడు కార్యదర్శి.

ఈ మాట మా ఆయన కేశవయ్యకు చెబితే ఆయన ఆకుకూరల మడిలోంచి తలెత్తకుండానే అన్నాడు: "అయితే నెల తిరిగేసరికి రెండు పక్షాలకీ కానిదానివవుతావన్నమాట. తోటకూర కోసిమ్మంటావా, గోంగూరా?"

గోంగూర అన్నాను.

రోజు 3

సంఘం అధ్యక్షురాలు దమయంతక్క ఇంటికి వచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నాకు పక్క గది ఆవిడదే. నేను ఏడిస్తే కళ్లు తుడిచింది, పిల్లల్ని అదుపులో పెట్టడం నేర్పింది. యాభై ఆరేళ్లు. గొంతు మాత్రం గుమ్మటం ఈ చివర మాట్లాడితే ఆ చివర వినిపిస్తుంది.

"ఏమే తాయారూ, నువ్వు మా మనిషివే కదా?"

"అక్కా, ఈ నెల నేను ఎవరి మనిషినీ కాదు."

"అలాగేలే. కాగితాలన్నీ తెచ్చాను. జీతాల చిట్టాలు మూడేళ్లవి." సంచీ బల్ల మీద బోర్లించింది. కాగితాలతో పాటు వేయించిన అటుకుల పొట్లం కూడా పడింది. "ఇది లంచం కాదు. తిను."

తిన్నాను. విచారణ పుస్తకంలో అన్నీ రాయాలి కాబట్టి ఇదీ రాస్తున్నాను.

రోజు 7

నాలుగు రోజులు చిట్టాలతోనే గడిచాయి. లెక్క ఇలా తేలింది.

సంఘం తన డెబ్బై ఎనిమిదిలో మూడేళ్ల పిల్లల చిట్టిబడుల్లో పనిచేసే ముప్పై ఆరుమంది ఆయాలను కలిపింది. వాళ్లందరూ ఆడవాళ్లే, వాళ్లది సగం పూట పని, సగం జీతం. వాళ్లను పక్కన పెట్టి టీచర్లనే చూస్తే అంకె ఎనభై నాలుగు.

సంస్థ తన తొంభై తొమ్మిదికి ఒకే ఉద్యోగం, ఒకే సర్వీసు ఉన్నవాళ్లను జతలు జతలుగా పోల్చింది. ఆ లెక్కలో తప్పు లేదు. గుమ్మటంలో ఐదో తరగతి చెప్పే ఆయనకూ ఆవిడకూ జీతం దాదాపు ఒకటే.

మరి ఎనభై నాలుగుకూ తొంభై తొమ్మిదికీ మధ్య ఉన్నది ఎక్కడికి పోయింది? బడిబండ్లలోకి. గుమ్మటం బయట దూరంగా, మంచు గనుల దగ్గరా కొండ సొరంగాల్లోనూ కాపురముండే కుటుంబాల పిల్లలకు బడి చక్రాల మీదే వెళుతుంది. ఆరు చక్రాల బండి, లోపల ఒక తరగతి గది, టీచరుకొక పడక. ఆ బండెక్కిన టీచరుకు మామూలు జీతం మీద మూడో వంతు దాకా దుమ్ము భత్యం వస్తుంది. పైగా అక్కడ చేసిన ప్రతి ఏడూ ప్రమోషన్‌కు ఏడాదిన్నర కింద లెక్క.

టీచర్లు రెండువందల పన్నెండు మంది. బడిబండి ఉద్యోగాలు నలభై. నలభైమందీ మగవాళ్లే.

రోజు 9

డైరెక్టర్ భానోజీరావు గారిని ఆయన గదిలో కలిశాను. యాభై ఎనిమిదేళ్ల మనిషి. మాట మెత్తన. ఎవరొచ్చినా తనే లేచి టీ పోస్తాడు. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి టీ కప్పులోకి నెమ్మదిగా దిగుతుంది. అది దిగేదాకా ఆగి, అప్పుడు మాట మొదలుపెడతాడు.

"నలభైమందీ మగవాళ్లే ఎందుకయ్యారండీ?" అని అడిగాను.

"అడిగారు కాబట్టి," అన్నాడాయన. "తాయారు గారూ, ప్రతి ఏడూ ప్రతి టీచరూ కోరిక పత్రం నింపుతారు. ఏ ఉద్యోగం కావాలో వాళ్లే గుర్తు పెడతారు. దాన్ని బట్టి కేటాయింపు యంత్రం పంచుతుంది. దానికి ఆడా మగా తేడా ఏం తెలుసు? పద్నాలుగేళ్లుగా ఎవరు ఏది అడిగారో పట్టీ తీయించాను. ఒక్క ఆడ టీచరు, ఒక్కరంటే ఒక్కరు, బడిబండి కావాలని గుర్తు పెట్టలేదు. అడగనిది ఇవ్వలేదని నింద వేస్తే నేనేం చెయ్యను?"

ఆయన గొంతులో బాధ ఉంది. అబద్ధమాడుతున్న మనిషిలా లేడు. ఆ పట్టీ తెచ్చుకుని చూశాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

ఇంటికొచ్చేటప్పుడు నా సంగతి నేను ఆలోచించుకున్నాను. పన్నెండేళ్లలో నేను మాత్రం అడిగానా? లేదు. ఎందుకు అడగలేదు? బడిబండ్లకు డ్రైవింగ్ పరీక్షో, పెద్దవాళ్ల సిఫారసో వేరే దారి ఏదో ఉంటుందనుకున్నాను. ఆ దారి ఏదని ఎవరినీ అడగలేదు. చిన్నప్పుడు మాత్రం గుమ్మటం అద్దానికి ముక్కు ఆనించి, బయటికి వెళుతున్న బండ్ల వెనక లేచే దుమ్మును చూస్తూ నిలబడేదాన్ని.

రోజు 13

ఇవాళ జరిగింది జాగ్రత్తగా రాయాలి.

బడిబండి టీచర్లతో మాట్లాడదామని ఏసుపాదాన్ని క్యాంటీన్‌కు రమ్మన్నాను. ముప్పై నాలుగేళ్లవాడు. తొమ్మిదేళ్లుగా బండి మీదే ఉద్యోగం. ఇక్కడికి మొదట వచ్చినవాళ్లలో సగం మంది కోనసీమవాళ్లు, ఆ యాస వీళ్ల ఇంట్లో ఇంకా పదిలంగా ఉంది. వాడు కూర్చుంటూనే మొర పెట్టుకోవడం మొదలెట్టాడు.

"ఆయ్, భత్యం బాగానే వస్తందక్కా. కానీ నాకొద్దు. మా పాపకి పదకొండో నెల. నేను ఊళ్లో ఉండేది నెలకి ఆరు రోజులు. మొన్నొస్తే నన్ను చూసి ఏడ్చిందక్కా, ఎవడో వచ్చాడని."

"చిట్టిబడి అడక్కపోయావా? ఇంటికి దగ్గర."

"అడగడానికి అది ఉండాలి కదండీ లిస్టులో."

"ఉండకపోవడమేంటి? చిట్టిబడులు ఇరవై రెండున్నాయి. ఏటా నాలుగైదు ఖాళీ అవుతాయి."

"లేదండీ బాబూ." వాడు పలక తీసి ఈ ఏడాది కోరిక పత్రం తెరిచి నా ముందు పెట్టాడు. ఉద్యోగాలు పదమూడు. బడిబండ్లు తొమ్మిది, గుమ్మటంలో అందరూ పోటీపడే పెద్ద తరగతులు నాలుగు. చిట్టిబడి ఒక్కటీ లేదు.

పక్క బల్ల దగ్గర హసీనా తింటోంది. మూడో తరగతి టీచరు. నిరుడే చేరిన పిల్ల. "హసీనా, నీ కోరిక పత్రం ఒకసారి ఇలా తేమ్మా," అన్నాను. తెచ్చింది. రెండు పలకలూ పక్కపక్కన పెట్టాం.

హసీనా పత్రంలో చిట్టిబడులు ఐదు, చిన్న తరగతులు ఆరు, పెద్ద తరగతులు నాలుగు. బడిబండి ఒక్కటీ లేదు.

ముందు ఏసుపాదమే తేరుకున్నాడు.

"ఆమెకిన్ని చిట్టిబడులున్నాయా!"

"మీకిన్ని బండ్లున్నాయా!" అంది హసీనా.

అందరికీ ఒకే పత్రం వస్తుందనుకున్నాం, అందరమూ. ఒకరి పత్రం ఒకరు చూడాల్సిన పని ఎవరికీ ఎప్పుడూ పడలేదు. ఆడవాళ్లు బడిబండి అడగలేదన్నది నిజమే. వాళ్ల పత్రంలో అడగడానికి అది లేదు.

రోజు 14

ఇది ఇద్దరి సంగతేనేమో అని ఇవాళ పద్దెనిమిది మంది పత్రాలు చూశాను. బడి నుంచి బడికి తిరిగి తిరిగి కాళ్లు లాగేశాయి. పద్దెనిమిదీ అలాగే ఉన్నాయి.

ఏసుపాదం అప్పుడే ఊరంతా చెప్పేస్తానన్నాడు. విచారణ అయ్యేదాకా నోరు మెదపొద్దని హసీనా చేతా వాడి చేతా మాట తీసుకున్నాను. వాడు ఆ మాట మీద నిలబడతాడని నాకు పెద్దగా నమ్మకం లేదు.

రోజు 17

యంత్రం ఎందుకలా చేస్తోందో దొరికింది. కేటాయింపు నియమాల జాబితా నాలుగువందల పుటలు. మూడొందల పన్నెండో పుటలో ఒకే ఒక వాక్యం: 'బయటి దుస్తులు కొలతకు సరిపోని ఉద్యోగులకు గుమ్మటం బయటి ఉద్యోగాలు చూపరాదు, ఆ ఉద్యోగులకు చిట్టిబడి, చిన్న తరగతుల ఖాళీలలో మొదటి హక్కు.' ఆ కింద ఒక పట్టిక. అందులో ఆడ ఉద్యోగులందరి పేర్ల ఎదుటా 'సరిపోవు' అని ఉంది. కొత్తగా చేరే ప్రతి ఆడ టీచరు పేరూ దానంతట అదే ఆ పట్టికలోకి చేరిపోతోంది. మొదటి హక్కు ఆడవాళ్లదైపోయాక చిట్టిబడులూ చిన్న తరగతులూ మగవాళ్ల దాకా రావడమే లేదు.

వెంటనే దుస్తుల గిడ్డంగికి వెళ్లాను. గిడ్డంగి చూసే ముసలాయన పాత రోజుల సంగతి చెప్పాడు. ఇరవై ఎనిమిదేళ్ల కిందట బయటి దుస్తులు రెండే కొలతల్లో వచ్చేవి, రెండూ మగవాళ్లవి. కనకవల్లి అనే టీచరు వదులు దుస్తుల్లో బయటికెళితే చేతితొడుగు జారింది. ప్రాణం దక్కింది కానీ రెండు వేళ్లు పోయాయి. ఆ తర్వాతే ఈ నియమం వచ్చింది. అప్పటికి అది మంచి నియమమే.

"ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడా! పద్నాలుగేళ్లయింది కొత్తవి వచ్చి. ఎవరు తొడుక్కుంటే వాళ్ల ఒంటికి బిగుసుకుంటాయి. గనుల్లో ఆడవాళ్లు రోజూ తొడుక్కుని పోవడం లేదూ?" ఆయన ఒక జత దించి నా భుజం మీద వేశాడు. "కావాలంటే మీరే చూస్కోండి."

విచారణలో భాగంగానే తొడుక్కున్నాను. (ఇలా అంటే ఎవరూ నమ్మరని తెలుసు.) చేతులు, నడుము, మెడ దగ్గర అది సన్నగా బుసకొట్టి ఒంటికి అమరిపోయింది. ముసలాయన నన్ను గాలిగదిలోకి తీసుకెళ్లి తలుపు తెరిచాడు.

నలభై ఆరేళ్లు ఈ ఊళ్లో బతికాను. బయట నేల మీద కాలు పెట్టడం ఇవాళే మొదటిసారి. ఎర్ర ఇసుక కాలి కింద మెత్తగా కుంగింది. తలకు పైన అద్దం లేదు, ఆకాశం ఎక్కడా ఆగలేదు. పది నిమిషాలకు అనుమతి ఇచ్చారు. మొదటి ఐదు నిమిషాలు నడిచాను. తర్వాతి ఐదు నిమిషాలు గెంతాను. ముసలాయన లోపలినుంచి చూసి నవ్వుతున్నది నా చెవిలో వినిపిస్తూనే ఉంది. నేను మాత్రం ఆగలేదు.

రోజు 20

దమయంతక్కకు చెప్పాను. రెండూ చెప్పాలి కదా, ముందు చేదుదే చెప్పాను: సంఘం అంకె తప్పు, ఎనభై నాలుగే సరైనది.

"ఆయాలు ఉద్యోగులు కారా?" అని మండిపడింది.

"ఉద్యోగులే అక్కా. కానీ సగం పూట పనిని పూర్తి పూటతో పోల్చి మీరు టీచర్ల జీతమని రాశారు."

"నా పాతికేళ్ల పోరాటాన్ని ఆరు అంకెలు తగ్గించి వాళ్ల చేతికిస్తావా? గుర్తింపు పోతుందే!"

"తగ్గించి ఇవ్వడం కాదు. ఈ పుట చదువు." మూడొందల పన్నెండో పుట ఆవిడ ముందు పెట్టాను.

ఒకసారి చదివింది, మళ్లీ చదివింది. ఆ పెద్ద గొంతు చాలా చిన్నదైపోయింది. "నేనింత కాలం ఏమనుకున్నానో తెలుసా? మనవాళ్లకే బయటికి పోవడం భయమనుకున్నాను. మీటింగుల్లో తిట్టాను కూడా, ధైర్యం లేదర్రా మీకు అని. ఒక్కత్తె కూడా ఎదురు చెప్పలేదు."

"అందరూ ఏదో ఒకటి అనుకున్నారక్కా. బండికి వేరే దారేదో ఉందని నేననుకున్నాను."

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగింది. "ఎనభై నాలుగే రాయి. డెబ్బై ఎనిమిది మీద నేను సంతకం చేశాను, తప్పని నేనే ఒప్పుకుంటాను." తలుపు మాత్రం గట్టిగానే వేసి వెళ్లింది.

రోజు 24

డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్లేముందు ఆ నియమం కింద ఎవరి సంతకముందో చూశాను. చూసి ఒక పూట వెళ్లకుండా ఉండిపోయాను. మధ్యాహ్నం వెళ్లాను.

పలకలు రెండూ బల్ల మీద పెట్టాను. తర్వాత పుట. తర్వాత కొత్త దుస్తుల రశీదు. ఆయన టీ పోయడం మరిచిపోయాడు.

"ఈ సంతకం నాదే," అన్నాడు చివరికి. "అప్పుడు నాకు ముప్పై ఏళ్లు, గుమాస్తాని. కనకవల్లి గారిని ఆస్పత్రిలో చూసొచ్చి, ఆ సాయంత్రమే రాశాను. ఇంకెవరికీ అలా జరక్కూడదని. కొత్త దుస్తులు వచ్చిన రోజు నేనే రిబ్బను కత్తిరించాను తాయారు గారూ. ఈ వాక్యం గుర్తే రాలేదు."

"నివేదికలో పేరు రాయక్కర్లేదండీ. నియమం నంబరు ఒక్కటీ చాలు."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. అప్పుడే ఒక బడిబండి దుమ్ము రేపుకుంటూ గనుల వైపు సాగుతోంది.

"రాయండి," అన్నాడు. "పేరుతోనే రాయండి."

రోజు 30

సభకు ఊరు ఊరంతా వచ్చింది. కుర్చీలు చాలక పిల్లలు గోడలెక్కారు. ఏసుపాదం పాపను భుజాన వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. నేను కాగితాలు సర్దుకుంటుంటే కేశవయ్య వెనకనుంచి, "నిదానంగా చదువు, ఎక్కడికీ పోరు," అన్నాడు.

చదివాను. సంఘం అంకె తప్పన్నాను. ఒక పక్కన చప్పట్లు. సంస్థ అంకె సరైనదే కానీ అది ఊరు అడిగిన ప్రశ్నకు జవాబు కాదన్నాను. రెండో పక్కన చప్పట్లు. అప్పుడు మూడొందల పన్నెండో పుట చదివాను. చప్పట్లు ఏ పక్కా లేవు.

ముందు దమయంతక్క లేచింది. "డెబ్బై ఎనిమిది నా తప్పు. ఆయాల జీతం సంగతి వేరే అడుగుతాను, అడక్క మానను. కానీ ఆ అంకె తప్పే." కూర్చుంది.

తర్వాత భానోజీరావు గారు లేచారు. మైకు తీసుకోలేదు.

"ఆ నియమం నేను రాసిందే. రాసినప్పుడు అవసరం. పద్నాలుగేళ్ల కిందటే తీసెయ్యాల్సింది, తీయలేదు. ఆ పద్నాలుగేళ్లూ మా ఆడ టీచర్లు అడగలేదని చెప్పాను, నిన్న మొన్నటి దాకా చెప్పాను." ఆయన వరసల్లోకి వెతికి చూశాడు. "కనకవల్లి గారూ, మీరు వచ్చారా?"

అందరం తల తిప్పి చూశాం. వెనక వరసలో డెబ్బై ఏళ్ల ఆవిడ మూడు వేళ్ల చెయ్యెత్తింది. "వచ్చాను బాబూ. నువ్వు నా మీద దయతోనే రాశావు, నాకు తెలుసు. కానీ వేళ్లు పోయినా మళ్లీ బండెక్కుతాననే అడిగాను నేను. కొలత దుస్తులు కుట్టించమని కాగితం కూడా పెట్టాను. నువ్వు చూసే ఉండవు."

ఆయన చేతులు జోడించాడు. అప్పుడు ఏసుపాదం పాప గట్టిగా తుమ్మింది. ఎవరో నవ్వారు, ఆ నవ్వు వరస వరసకూ పాకి, కనకవల్లి గారి దాకా వెళ్లింది.

పురసభ తీర్పు: ఆ వాక్యం కొట్టివేత. అందరికీ ఒకే పత్రం. సంఘం గుర్తింపు రద్దు కాదు. డైరెక్టర్‌కు మందలింపు, ఉద్యోగం మాత్రం ఉంటుంది. పోయిన పద్నాలుగేళ్ల భత్యం సంగతి మాత్రం తేలలేదు. దానికి కమిటీ వేశారు. దమయంతక్క ఆ కమిటీలో ఉంది కాబట్టి అది నిద్రపోయే అవకాశం లేదు. నాకెంత రావాలో లెక్క కట్టమని కేశవయ్య అన్నాడు. ఇవాళ వద్దన్నాను. ఇవాళ చాలా సంతోషంగా ఉంది.

రోజు 33

కొత్త కోరిక పత్రాలు వచ్చాయి. క్యాంటీన్‌లో అందరూ పలకలు తెరిచి ఒకరివొకరు చూసుకుంటున్నారు. ముప్పై ఒక్కమంది ఆడ టీచర్లు బడిబండి అడిగారు. ఖాళీలు తొమ్మిదే, చీటీలు తీయాల్సొచ్చింది. చిట్టిబడి కావాలని పదకొండు మంది మగవాళ్లు అడిగారు. "ఇంతమందికి పసిపిల్లలంటే ఇష్టమని తెలీనే తెలీదు," అంది హసీనా. ఆమెకు బడిబండి చీటీ తగల్లేదు, వచ్చే ఏడు చూసుకుంటానంది.

దమయంతక్కకు తగిలింది. నాకూ తగిలింది.

అవును, నేనూ గుర్తు పెట్టాను. మళ్లీ టీచరు ఉద్యోగానికి బదిలీ అడిగాను. రికార్డులు పదేళ్లు చూశాను, చాలు. నేను నెలకు ఆరు రోజులే కనపడతానని కేశవయ్య బెంగ పెట్టుకుని, ఆ తర్వాత బండిలో పెట్టుకోవడానికి గోంగూర పచ్చడి ఎన్ని సీసాలు కావాలో అడిగాడు.

రోజు 55

విచారణ అయిపోయినా ఈ పుస్తకం రాస్తూనే ఉన్నాను. ఎవరూ ఆపమనలేదు.

మొదటి ప్రయాణం. మాకు బండి నడపడం నేర్పిన ఇరవై రోజుల్లో దమయంతక్క గోడను రెండుసార్లు గుద్దింది. ఇవాళ మాత్రం పెళ్లివారి కారు నడిపినట్టు నడిపింది. ఇద్దరం ఒకే బండిలో గాజులమెట్ట దాకా వెళ్లి, అక్కడ ఆగి ఉన్న నా బండి దగ్గర నేను దిగిపోవాలి, ఆవిడ ముందుకు సాగాలి. గుమ్మటం వెనక చిన్నదై, బుడగంతై, మాయమైంది. "వెనక్కి చూడకు, నాకు ఏడుపొస్తుంది," అంటూ ఆవిడే వెనక్కి చూసింది.

సాయంత్రం కొండ దిగుతుంటే సూర్యుడు కుంగాడు. చుట్టూ నీలం కాంతి పరుచుకుంది. గుమ్మటం అద్దంలోంచి చూస్తే బూడిద రంగులో ఉండేది. ఇంత నీలమని నాకెవరూ చెప్పలేదు. దమయంతక్క బండి ఆపేసింది. పది నిమిషాలు అలాగే కూర్చుని పచ్చడితో చపాతీలు తిన్నాం. ఆవిడ అన్నిసార్లు ముక్కు చీదడానికి కారం కారణం కాదు.

గాజులమెట్టలో పదకొండుమంది పిల్లలు గాలిగది తలుపు దగ్గరే కాచుకుని ఉన్నారు. వాళ్లలో ఓ పిల్ల నా దుస్తుల వంకా, బండి వంకా, మళ్లీ నా వంకా చూసి, "టీచర్ గారేరీ?" అంది.

"నేనే," అన్నాను.

"ఓ," అని, కాసేపు ఆలోచించి, "మరి నాకు బండి నేర్పుతారా?" అంది.

ముందు ఎక్కాలు, తర్వాత బండి అన్నాను.

రోజు 58

పొద్దున ఏడో ఎక్కం చెబుతుంటే ఏసుపాదం నుంచి సందేశం. చిట్టిబడిలో చేరి వాడికి వారం. తెరిచేసరికి వెనక ఇరవై ఆరుమంది మూడేళ్ల పిల్లలు ఒకేసారి అరుస్తున్న గోల, దాని మీద వాడి గొంతు.

"అక్కా! పాప నన్ను చూసి నవ్వుతోందక్కా ఇప్పుడు, అది చెప్దామనే ముందు. రెండోది, తొమ్మిదేళ్లు బండి మీద దుమ్ము తిన్నాను, ఇంత కష్టం ఏనాడూ ఎరగను. ఒకడు కొరుకుతాడు, ఒకత్తె పరిగెత్తుతుంది, నలుగురికి ఒకేసారి ఒంటికొస్తుంది. ఈ పనికి భత్యం లేదంటే అన్యాయం కదండీ? ఆడవాళ్లు ఇన్నేళ్లు నోరు మెదపకుండా ఎలా చేశారండీ బాబూ! చిట్టిబడికొచ్చిన మగాళ్లమూ, చిట్టిబడి అక్కలూ, ఆయాలూ అందరం కలిసి అర్జీ పెట్టాం. గోల భత్యం. సంతకాలు యాభై ఎనిమిది."

గంట తర్వాత భానోజీరావు గారి సందేశం. అర్జీ చేతికందింది, వెంటనే విచారణకు పెడుతున్నాను, ఈసారి ఆలస్యం చేయను, మీరు తిరిగి రాగలరా, మీకంటే నమ్మకస్తులు నాకెవరూ లేరు, అని.

కిటికీలోంచి ఎర్ర కొండ మీద ఎండ పడుతోంది. పదకొండుమందీ ఏడేళ్లు నలభై తొమ్మిది దగ్గర ఆగి నా మొహం చూస్తున్నారు.

'పాఠం మధ్యలో ఉన్నాను సార్. ఈసారి హసీనాకు అప్పగించండి. ఏసుపాదానికి మాత్రం భత్యం ఇచ్చేయండి,' అని రాసి పంపి, పలక మూసి, "ఎక్కడున్నాం?" అన్నాను.

"ఏడెనిమిదులు!" అని అరిచారు పిల్లలు.